మూతకోన జాతీయ గీతానికి పన్నెండు అర్థాలు

మూతకోన దేశంలో వాన మొదలై యాభై మూడేళ్లయింది. ఇంకా వెలవలేదు. ఈ మధ్యలో తొమ్మిదిసార్లు కరువొచ్చింది, చెరువులు బీటలు వారాయి, ఒక వేసవిలోనైతే బిందె నీళ్ల కోసం జనం జుట్లు పట్టుకున్నారు. అయినా వాన వెలవలేదు. వెలిసిందని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వలేదు మరి.

ఎందుకివ్వలేదో తెలియాలంటే జాతీయ గీతం దగ్గరికి వెళ్లాలి. ఆ దేశంలో ఏ ప్రశ్న అడిగినా చివరికి అక్కడికే వెళ్లాలి. గీతం నాలుగే పాదాలు:

దిగువ చీల ముందు, ఎగువ చీల వెనక,
ఎడమ భుజం ఆనించి ఏకంగా నెట్టు,
ఏరు పొంగితే మూయి, ఏమరకు తమ్ముడా,
వాన వెలిస్తే తీయి, అవతల మనవాళ్లు.

ఈ నాలుగు పాదాలకు పన్నెండు సంపుటాల అర్థం ఉంది. ఆ పన్నెండూ రాసిన మహానుభావుడు నీలకంఠప్ప, జాతీయ గీత తాత్పర్య శాఖలో ప్రధాన తాత్పర్యకర్త. వయసు అరవై రెండు. మనిషి బక్కపలచన, సంపుటాలు మాత్రం ఒక్కొక్కటీ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవడానికి సరిపోతాయి. దేశంలో సగం ఇళ్లలో వాటిని అందుకే వాడుతున్నారని ఆయనకు తెలుసు. తన ఇంట్లో కూడా అంతే కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయేవాడు.

మూతకోన చుట్టూ కొండలు. బయటికి పోవడానికి ఒకే ఒక కనుమ. యాభై మూడేళ్ల కిందట అవతల ఏరు పొంగి, నీళ్లు కనుమలోంచి లోపలికి దూకుతుంటే, ఎనిమిది మంది రాతిపనివాళ్లు తిరగలి రాయంత గుండ్రంగా, గుడిసెంత ఎత్తుగా ఉన్న బండనొకదాన్ని దొర్లించి కనుమ మూసేశారు. నెల తిరక్కుండా వాన వెలిసింది. ఇక బండ తీయాలి. కానీ వాన వెలిసిందని ధ్రువీకరించాల్సింది వర్షపాత అధికారి. ఆయన ఏటి పొంగు చూడ్డానికి వెళ్లి, బండ పడే వేళకు అవతలే ఉండిపోయాడు. ఆయన సంతకం లేకుండా బండ తీయకూడదు. బండ తీయకుండా ఆయన లోపలికి రాలేడు. ఫైలు మాత్రం "తగు చర్య నిమిత్తం" అని ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి తిరుగుతూ ఆరోగ్యంగానే ఉంది.

అవతల ఉండిపోయింది అధికారి ఒక్కడే కాదు. నీలకంఠప్ప అక్క ఈరమ్మ కూడా ఉండిపోయింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు, తమ్ముడికి తొమ్మిది. తల్లి లేని పిల్లలు. సంతకు పోతూ, వెంటపడ్డ తమ్ముణ్ణి కనుమకు ఇవతల కూర్చోబెట్టి "ఈడనే ఉండు, కదలొద్దు. బొరుగులుండ తెస్తా" అని చెప్పి వెళ్లింది. సాయంత్రానికి బండ పడింది. తమ్ముడు రెండు రోజులు కదలకుండా అక్కడే కూర్చుంటే, ఎవరో చంకనేసుకుని ఇంటికి చేర్చారు.

పెద్దయ్యాక తాత్పర్య శాఖలో చేరడానికి కారణం కూడా అదే. పాటకు అర్థం తెలిస్తే బండ ఎప్పుడు తీస్తారో తెలుస్తుందనుకున్నాడు. చేరాక తెలిసిందేమిటంటే, అక్కడ అర్థం తెలుసుకునే ఉద్యోగాలు లేవు, రాసే ఉద్యోగాలే ఉన్నాయి.

రాశాడు. "దిగువ చీల ముందు" అంటే త్యాగాలకు సామాన్యులు ముందుండాలనీ, "ఎగువ చీల వెనక" అంటే అధికారులు తాపీగా వెనక రావాలనీ మొదటి సంపుటంలో తేల్చాడు. ఆ ఒక్క వాక్యానికి రెండు మెట్లు పైకెక్కాడు. గీతం వినిపించినప్పుడు కళ్లు మూసుకుని, చేతులు బిగించి, పాట అయ్యేదాకా కట్టెలా నిలబడాలని నాలుగో సంపుటంలో రాశాడు. కదిలితే శిక్ష. వాన అంటే వాన కాదనీ, బయటి ప్రపంచపు దుర్మార్గమనీ, అది ఎప్పటికీ కురుస్తూనే ఉంటుందనీ ఆరో సంపుటంలో రాశాడు.

తొమ్మిదో సంపుటంలో "అవతల మనవాళ్లు" దగ్గరికి వచ్చాడు. అవతల ఉన్నవాళ్లంటే స్వర్గస్థులైన పూర్వీకులు అని రాయబోతుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అక్క గుర్తొచ్చింది. అలా రాస్తే అక్కను తన చేత్తో తనే చచ్చినవాళ్లలో కలిపినట్టు. రాసేశాడు. ఆ పేజీ అంచునే మహాధ్యక్షులవారు ఎర్ర సిరాతో "శభాష్" అని రాశారు. ఆ శభాష్ ఎప్పుడు గుర్తొచ్చినా నీలకంఠప్పకు తన మొహం తనకే చూపించుకోవాలనిపించేది కాదు. అయినా ఆ పేజీని చట్రం కట్టించి గోడకు తగిలించాడు, అదీ మనిషి తీరు.

ఆరో సంపుటం వచ్చాకే గొడుగుల చట్టం వచ్చింది. వాన కురుస్తున్నప్పుడు పౌరులు గొడుగు లేకుండా తిరగడం గీతాన్ని శంకించడమే అవుతుందని ప్రభుత్వం గ్రహించింది. దాంతో నడినెత్తిన ఎండ మాడుతున్నా అందరి చేతుల్లో గొడుగులే. వర్షపాత శాఖ రోజూ పొద్దున గిన్నె తిరగేసి చూసి, "నేటి వర్షం: కంటికి కనిపించని రకం" అని ప్రకటించేది. బండకు అవతలి నుంచి అప్పుడప్పుడూ ఏవో కేకలు వినిపిస్తే, వాటిని ఉరుములుగా నమోదు చేసేది. ఉరుముకు బదులు పలకరాదని ఏడో సంపుటంలో ఒక అధ్యాయం ఉంది. రాసిందెవరో మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత ఆరుబయట బట్టలు ఆరేయడం నిషేధించారు. వానలో బట్టలు ఎవరు ఆరేస్తారు? మిరపకాయలు ఎండబెట్టడం నిషేధించారు. చివరికి వడియాలు కూడా. నీలకంఠప్ప భార్య సుంకులమ్మ మిద్దె మీద గుమ్మడి వడియాలు పెట్టినందుకు ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు గొడుగులేసుకుని వచ్చి, వడియాలను చాపతో సహా స్వాధీనం చేసుకుని, "తడిసి ముద్దయిన స్థితిలో పట్టుబడినవి" అని పంచనామా రాసుకున్నారు. అవి ఎండి గలగలలాడుతున్నాయి.

"చూడయ్యా," అంది సుంకులమ్మ మొగుడితో, "నువ్వు రాసిన వాన నా ఇంట్లోనే కురిసింది. ఇంగ కూట్లోకి నంజుకోను నీ ఆరో సంపుటం ఏయించి పెడతా."

అలాంటి రోజుల్లో నీలకంఠప్పకు జీవితంలోకెల్లా పెద్ద గౌరవం దక్కింది. పన్నెండో సంపుటం పూర్తయిన సందర్భంగా బండ చుట్టూ సిమెంటు పోసి, దాని మీద ఆయన తాత్పర్యం చెక్కించాలని మహాధ్యక్షులు గురుపాదంగారు నిర్ణయించారు. ముహూర్తం శుక్రవారం పొద్దున. నీలకంఠప్ప పొంగిపోయాడు. తన పేరు రాతి మీద ఉంటుందన్న సంతోషంలో, సిమెంటు పోస్తే ఆ బండ ఇక ఎన్నటికీ కదలదన్న సంగతి రెండు రోజులు ఆయనకు తట్టనే లేదు.

అక్షరాలు చెక్కే పని ఓబులేసుకు అప్పగించాలన్నారు. బండ దొర్లించిన ఎనిమిది మందిలో మిగిలిన ఒక్క ప్రాణం ఓబులేసు. ఎనభై మూడేళ్లు. గీతం వచ్చినప్పుడు చేతులు ఆడిస్తాడని ఆయనకు ముప్పై ఏళ్లుగా శిక్షలు పడుతూనే ఉన్నాయి. నీలకంఠప్ప గొడుగేసుకుని వాళ్లింటికి వెళ్లేసరికి ముసలాయన అరుగు మీద కూర్చుని, గీతం కూనిరాగం తీస్తూ, గాలిలో ఏదో పట్టుకుని లాగుతున్నాడు.

"చేతులు ఆడించకూడదు, తెలుసా?" అన్నాడు నీలకంఠప్ప.

"ఆడించకపోతే పాట యెట్ల గుర్తుంటాది సామీ? ఇది పనిపాట గదా. బండకాడ యేది ముందు తియ్యల్ల, యేది యెనక తియ్యల్ల అని మరిసిపోకుండా మేం కట్టుకున్న పాట." ముసలాయన బోసినోటితో నవ్వాడు. "కింద కొయ్య చీల ముందు లాగల్ల. పైది యెనక. అట్ల గాకుండా తిరగేసి లాగితే బండ మీదికొచ్చి పడతాది. చీలలు పొయినంక ఎడమపక్క వాలు. భుజం ఆనిస్తే సాలు, పసిబిడ్డ నెట్టినా దొర్లిపోతాది."

నీలకంఠప్ప గొడుగు మూశాడు.

"మరి వాన అంటే?"

"వానంటే వానే సామీ."

"అవతల మనవాళ్లు అంటే?"

"సంతకు పొయినోళ్లు. మీ అక్క పొయ్యింది గదా. ఇంకా ముప్పై నలభై మంది ఉండ్రి. వాన యెలిసినంక మరిసిపోవద్దండ్రా, మనోళ్లు బయటుండారు అని నేనే ఆ ముక్క కలిపినా."

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం?"

"సెప్పకేం? మీ ఆఫీసుకే వచ్చి సెప్తి. నాకొక గొడుగిచ్చి పంపించిరి."

నీలకంఠప్ప ఇంటికి ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు. దారి పొడుగునా ఏడుపు వచ్చింది, మధ్యమధ్య నవ్వు కూడా వచ్చింది. పన్నెండు సంపుటాలు! అందులో చీల అంటే చీల అని ఒక్కచోటైనా లేదు.

మర్నాడు మహాధ్యక్షుల ముందు చేతులు కట్టుకుని నిలబడి జరిగింది చెప్పాడు. గురుపాదంగారు కళ్లు మూసుకుని విన్నారు. ఆయన మెలకువగా ఉన్నప్పుడు కూడా అలాగే వినేవారు.

"నీలకంఠప్పగారూ, తమరు సమర్పించిన విషయం మేము సానుభూతితో పరిశీలించాము. అయితే గీతానికి గల సకల అర్థములలోను పదానికి గల మామూలు అర్థము మిక్కిలి అధమమైనది. పామరులు తొక్కి నడిచే గడప వంటిది. పండితుడు దానిని దాటిపోవలయునే తప్ప దానిపై కూర్చుండరాదు. ఇది మా మాట కాదు."

"మరి ఎవరిదండీ?"

"తమదే. మూడో సంపుటం, నూట పద్నాలుగో పుట."

అది నీలకంఠప్పకు చాలా ఇష్టమైన వాక్యం కూడా.

"అయినా," అన్నాడు కాస్త తేరుకుని, "వాన వెలిసింది కదండీ. కిటికీలోంచి చూడండి, ఎండ."

"ఎండ కనిపించుట వేరు, వాన వెలియుట వేరు. మొదటిది దృశ్యము, రెండవది ఉత్తర్వు. వర్షపాత అధికారివారు విచ్చేసి సంతకము చేసిన తక్షణమే సంతోషముగా తెరిపింతుము."

"ఆయన అవతల ఉన్నారు. అప్పటికే ఆయనకు యాభై ఐదేళ్లు. ఇప్పుడు బతికి ఉంటే నూట ఎనిమిది."

"సెలవులో ఉన్నట్లు పరిగణిస్తున్నాము." గురుపాదంగారు కలం తీశారు. "తమ శ్రమ వృథా పోనివ్వము. పాటకు ఇట్టి మోటు అర్థము కూడ కొందరు చెప్పుదురని, దానిని నమ్మరాదని బడి పిల్లలకు బోధించుటకై, దీనిని 'మొదటి అపార్థము' అను పేర పదమూడో సంపుటముగా తమరే రచింపవలెను. శుక్రవారపు సన్మానము యథాతథము. కొత్త గొడుగు తెచ్చుకొనుడు."

ఇంటికొచ్చి పీట మీద కూలబడ్డాడు. సుంకులమ్మ మధ్యలో అడ్డం రాకుండా సంగతంతా వింది. పెళ్లయి ముప్పై ఏడేళ్లలో ఆమె అలా వినడం అదే మొదలు. ఆయనకు భయం వేసింది.

"అంటే, తలుపు తీసే పాట రోజూ పాడతా, తలుపుకు అడ్డం నిలబడుండామా మనం?" అంది చివరికి.

"అంతే."

"శుక్రవారం సిమెంటు పోస్తే ఇంగ మీ అక్క కత?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవగాకు. అది సరే గానీ, ఆ పొద్దు పాట పాడేటప్పుడు అందరూ కండ్లు మూసుకుంటారా?"

"మూసుకోవాలి. నాలుగో సంపుటం, ఇరవయ్యో పుట."

"కావలోళ్లు?"

"వాళ్లూ అంతే. పాట అయ్యేదాకా కదలకూడదు. ఆ రోజు సంపుటానికి ఒకసారి చొప్పున పన్నెండుసార్లు పాడతారు."

"అబ్బ!" అంది సుంకులమ్మ. "నీ బతుకులో పనికొచ్చే మాట రాసింది ఆ ఒక్కటేనయ్యా."

శుక్రవారం పొద్దున కనుమ దగ్గర దేశం మొత్తం గొడుగులేసుకుని నిలబడింది. ఎండ చిటపటలాడుతోంది. శత్రువులు విని వణకాలని బండ నెత్తిన ఎప్పుడో పెట్టిన మైకు అవతలి వైపు తిరిగి ఉంది. ఒక పక్క సిమెంటు కలిపి సిద్ధంగా ఉంచారు. వాన పేరు చెప్పి దాని మీద కూడా గొడుగు పట్టించారు. గురుపాదంగారు "ఈ శుభ తరుణమున కుంభవృష్టిని సైతము లెక్కసేయక విచ్చేసిన" జనానికి కృతజ్ఞతలు చెప్పి, నీలకంఠప్ప మెడలో దండ వేశారు. దండ తడవకుండా దాని మీద పలచటి కాగితం చుట్టి ఉంది. తర్వాత ఆయన చెయ్యెత్తారు. వేలాది గొంతులు ఒక్కసారి లేచాయి. వేలాది కళ్లు మూతపడ్డాయి.

ఓబులేసు ఉలి, సుత్తి పట్టుకుని బండ దగ్గరికి నడిచాడు. సుంకులమ్మ కొంగు బిగించి ఆయన వెనకే నడిచింది. నీలకంఠప్ప కూడా నడవాలి. మొదటిసారి పాట అయిపోయింది. రెండోసారి, మూడోసారి, చివరికి ఎనిమిదోసారి కూడా అయిపోయింది. ఆయన కదల్లేదు. కళ్లయితే తెరవగలిగాడు గానీ కాళ్లు రావడం లేదు. నాలుగో సంపుటం మోకాళ్లలోకి ఎక్కి కూర్చుంది. తను రాసిన రూల్సును దేశంలో మనస్ఫూర్తిగా పాటించేవాడు తనొక్కడేనని ఆయనకు అప్పుడు అర్థమైంది.

సుంకులమ్మ వెనక్కి వచ్చి గొడుగు పిడితో డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"యేమయ్యా, పాడతా నిలబడుకుంటావా, పాట సెప్పిన పని సేస్తావా?"

అడుగు పడింది. తర్వాతది కాస్త తేలిగ్గా పడింది. "దిగువ చీల ముందు" అని జనం పాడుతుండగా ఓబులేసు సుత్తితో కింది చీలను వదులు చేశాడు, సుంకులమ్మ లాగేసింది. "ఎగువ చీల వెనక" అన్నప్పుడు పైది ఊడింది. "ఎడమ భుజం ఆనించి" అన్నారు. నీలకంఠప్ప మెడలో దండతోనే ఎడమ భుజం ఆనించాడు. ఈ పాదానికి తను రెండో సంపుటంలో నాలుగు వందల పుటలు రాశాడు, భుజం ఎక్కడ ఆనించాలో మాత్రం రాయలేదు. ఓబులేసు చూపించాడు.

"ఏకంగా నెట్టు" అంది దేశం.

ముగ్గురూ నెట్టారు. బండ ఒక్కసారి మూలిగి, ఎడమ పక్క వాలులోకి నింపాదిగా దొర్లిపోయి ఆగింది. గాలి లోపలికి కొట్టింది. ముందు వరసలో గొడుగులు తిరగబడ్డాయి. అయినా ఎవరూ కళ్లు తెరవలేదు. ఇంకా తొమ్మిదో సంపుటం పాటే నడుస్తోంది.

అవతల ఎండలో, చదునైన రాయి మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. నలుపూ తెలుపూ మేకలు నాలుగు చుట్టూ మేస్తున్నాయి. నుదుటి మీది మచ్చను చూసి నీలకంఠప్ప గుర్తుపట్టాడు. చిన్నప్పుడు తను విసిరిన గోలీ తగిలిన మచ్చ అది.

"అక్కా," అన్నాడు. గొంతు తొమ్మిదేళ్ల వాడిదే వచ్చింది.

ఆమె కళ్లు చిట్లించి పైనుంచి కిందిదాకా చూసింది. "నీలుగా? ఏమిరా ఇంత ముసిలోడివైనావు? ఆ దండేంది? పక్కన పెండ్లామా?" అని, లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చుంది. "బొరుగులుండ గురించి అడగొద్దు. వారం చూసి నేనే తినేసినా."

ఆయన వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "ఇన్నేళ్లూ ఇక్కడే ఉన్నావా?"

"ఈడనే యెందుకుంటా? పెండ్లయ్యింది, బిడ్డలైనారు, మనవళ్లైనారు. ఊరు ఆ కనపడేదే. పొద్దున పూట మాత్రం మేకలు తోలుకోని ఈడికొచ్చి కూసుంటా. నీ పేరు పెట్టి కేకలేస్తా. ఒక్కనాడన్నా పలికినావా?"

ఉరుములు. నీలకంఠప్ప తల ఎత్తలేకపోయాడు.

"బయటినుంచి తీసే దోవ లేదాయె. చీలలు మీ పక్కే గదా ఉండేది," అంది ఈరమ్మ. "అయినా నాకు నమ్మకం పోలేదురా. ఎందుకంటే, పొద్దున్నే మీరంతా కలిసి మైకులో పాడతారు గదా, బండ యెట్ల తియ్యల్లో. మొదలుకాడి నుంచి కడదాకా, ఒక్క ముక్క తప్పు పోకుండా. ఇంత బాగా తెలిసినోళ్లు ఈ పొద్దు తీస్తారు, ఈ పొద్దు తీస్తారు అని కూసుంటా ఉంటి."

వెనక దేశం పన్నెండోసారి పాడుతోంది. ఈరమ్మ కనుమలోంచి లోపలికి తొంగి చూసింది. మండుటెండలో గొడుగులు పట్టుకుని, కళ్లు మూసుకుని, తెరిచిన వాకిలి ఎదురుగా నిలబడి, "వాన వెలిస్తే తీయి" అని గొంతెత్తి పాడుతున్న జనాన్ని చాలాసేపు చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరే నీలుగా, అంతమందిలో ఒక్కరికన్నా ఆ పాటకు అర్థం తెలీదంట్రా?"

పన్నెండు సంపుటాల గ్రంథకర్త మెడలోంచి దండ తీసి దగ్గరున్న మేకకు వేశాడు.

"తెలీదక్కా," అన్నాడు.